చేనుకీ కంచానికీ మధ్య

(తిరుపతిలో ఒక కాలనీ సంఘం ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సభలో ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాను కింద చోటు మాత్రం లేదు, అది ముందే వచ్చినవాళ్లది.

ఈ మీటింగ్‌కి నన్ను పిలిచిన కుర్రాడు ఫోన్ చేసి, "సార్, ఆయిల్ కొరత వస్తే మన ఊరు ఏం తింటుంది, దాని మీద మాట్లాడాలి" అన్నాడు. స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాను కదా, మా ఆవిడ వంటింట్లోంచి, "రెండు ప్యాకెట్లు ఉన్నాయిలెండి, ఈ నెలకు చాలు" అంది. (నవ్వులు) ఆమె అనుకున్నది వంటనూనె. కుర్రాడు అడిగింది పెట్రోలు, డీజిలు. నేనూ మీలాగే నవ్వాను. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే ఆమె తప్పేం అనలేదనిపించింది. అందుకే ఇవాళ ఆ వంటనూనెతోనే మొదలుపెడతాను.

ఈ టేబుల్ మీద మూడు పెట్టాను. ఒక నూనె ప్యాకెట్, ఒక గిన్నెలో రాగులు, ఇంకో గిన్నెలో పొట్టు తియ్యని కొర్రలు. మీటింగ్ అయ్యేలోపు మూడింటి సంగతీ చెబుతా.

ప్యాకెట్ ఇది. పామోలిన్. దీని పుట్టిల్లు ఇండోనేషియా, లేకపోతే మలేషియా. అక్కడ గెల కోసి, పిండి, ఓడెక్కిస్తే మన రేవులో దిగుతుంది. రిఫైనరీకి ట్యాంకరు, అక్కణ్ణించి ప్యాకింగుకి, అక్కణ్ణించి హోల్‌సేల్ గోడౌనుకి లారీ, గోడౌన్నుంచి మన వీధి కొట్టుకు ఆటో. మన దేశం తినే వంటనూనెలో సగానికి పైగా ఇలా బయటినుంచి వస్తున్నదే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, అక్కణ్ణించి వచ్చే పొద్దుతిరుగుడు నూనె ఆగింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఎన్నాళ్లు? మే 23 దాకా. నాలుగు వారాలు కూడా కాదు. ఆ వేసవిలో ఇక్కడ బజ్జీల బండి దగ్గర బజ్జీ ఎంత సన్నబడిందో మీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. (నవ్వులు)

ఇప్పుడు చెప్పండి, మనం ఉన్నది ఏ సీమలో? చెనక్కాయ, అదే వేరుశనగ, సీమలో. మెట్టచేను ఉన్న ప్రతి రైతూ ఒకప్పుడు చెనక్కాయ వేసినవాడే. ఈ ఊళ్లోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. నారాయణి, ధరణి అనే చెనక్కాయ రకాలు అక్కడ పుట్టినవే. ధరణి అయితే బెట్టకు కొంచెం ఓర్చుకుంటుంది కూడా. విత్తనం మనది, చేను మనది, నూనె మాత్రం ఇండోనేషియాది. మధ్యలో ఏం పోయింది?

గానుగ పోయింది.

మాది పలమనేరు వైపు పల్లె. మా ఊళ్లో గానుగ ఉండేది. ఎద్దు కళ్లకు గంతలు కట్టి తిప్పేవాళ్లు. గానుగ ఆయన కుండ కింద పట్టిన నూనెను వేలితో తీసి నాకు నాకించేవాడు, వేడిగా, వేయించిన చెనక్కాయ వాసనతో. కూలి డబ్బుగా ఇచ్చినవాళ్లు తక్కువ. నూనె తీయగా మిగిలిన పిప్పి, అదే చెక్క, అందులో కొంత ఉంచుకునేవాడు, మిగతాది మేం తెచ్చి ఆవుకు నానబెట్టేవాళ్లం. ఆ పేడ మళ్లీ చేనికి పోయేది. ఆ గానుగ ఎత్తేశాక ఊళ్లో చెనక్కాయ పండడం ఆగలేదు. కల్లంలోనే మూటకట్టి లారీ ఎక్కించడం మొదలైంది, అంతే తేడా. కాయ లారీలో పోయింది, నూనె లారీలో వచ్చింది, చెక్కకు మళ్లీ ఇంకో లారీ. ఒక్క పంట చుట్టూ మూడు లారీలు తిరుగుతున్నాయి.

లెక్క చూద్దాం, నాకు లెక్కలంటే సరదా. నలుగురున్న ఇంటికి నెలకు 4 లీటర్లు అనుకుందాం. ఏడాదికి 48 లీటర్లు, తూకంలో 44 కిలోలు. వంద కిలోల కాయ వలిస్తే 70 కిలోల పప్పు. గానుగలో ఆ పప్పుకు 40 శాతం దిగుతుందనుకుంటే 28 కిలోల నూనె. అంటే ఒక ఇంటికి ఏడాదికి 160 కిలోల కాయ చాలు. వాన సరిగ్గా పడిన ఏడు మెట్టలో ఎకరాకు నాలుగు క్వింటాళ్లు వస్తే, ఎకరం రెండున్నర ఇళ్లకు సరిపోతుంది. మీ కాలనీలో ఎన్ని ఇళ్లన్నారు... నూట ఇరవయ్యా? అయితే 48 ఎకరాలు. రామచంద్రాపురం మండలంలోనో, పాకాల వైపో పదిహేను ఇరవై మంది రైతుల చేలు. మనకు దూరమేం కాదు, పోయి చూసి రావచ్చు. వాన పడని ఏడు ఏం చేస్తారంటారు. ఆ ఏడు కొంత కొనుక్కోవాల్సిందే. మొత్తం కొనడం వేరు, కొంత కొనడం వేరు.

సరే, ఇక డీజిలు సంగతి. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. వంటగ్యాసులో దాదాపు 60 శాతం బయటిది, అందులో ఎక్కువ భాగం హోర్ముజ్ జలసంధి అనే సన్నటి సందులోంచి వస్తుంది. మన పట్టణాభివృద్ధి సంస్థ, తుడా, దాని ప్లాన్లో లేని సందు అది, కానీ మన పొయ్యి దాని మీదే వెలుగుతుంది. (నవ్వులు) యూరియాను సహజవాయువుతో తయారుచేస్తారు. దేశం వాడే సహజవాయువులోనూ దాదాపు సగం దిగుమతి. బస్తా 45 కిలోలు, 266 రూపాయల యాభై పైసలకు రైతు చేతికి వస్తుంది కాబట్టి దాని అసలు ఖరీదు ఎవరికీ కనబడదు. పొటాష్ అయితే మొత్తం బయటిదే. దుక్కి ట్రాక్టరుతో, కోత మిషన్‌తో, తోలకం లారీతో. ఇవన్నీ మీకు తెలిసినవే, సాగదీయను.

ఒక్క మాట మాత్రం చెబుతా. విశాఖలో కొండ కింద గుహలు తొలిచి ముడిచమురు దాస్తున్నారు. అలాంటివే కర్ణాటకలో మంగళూరులో, పాడూరులో ఉన్నాయి. మూడూ కలిపి 53 లక్షల టన్నులు పడతాయి. నిండుగా ఉంటే దేశానికి తొమ్మిదిన్నర రోజులు. కంపెనీల దగ్గర ఉండే నిల్వ రెండు నెలలది వేరే ఉంటుందనుకోండి. అయినా ఆ తొమ్మిదిన్నర అనే అంకె చదివినప్పుడు నాకు మా అవ్వ గాదె గుర్తొచ్చింది. మట్టీ పేడా మెత్తిన వెదురు గాదె. అందులో రాగులు ఎప్పుడూ రెండేళ్లకు ఉండేవి. ఒక పంట పోయినా, రెండో పంట ఆలస్యమైనా ఇంట్లో సంగటి ఆగకూడదని ఆమె లెక్క. చదువు రాదు. దేశానికి తొమ్మిది రోజులు, మా అవ్వకు రెండేళ్లు.

ఈ రెండో గిన్నెలో ఉన్నవి అవే రాగులు. చూడ్డానికి ఆవగింజంత. దీనికి పురుగు పట్టడం చాలా అరుదు. బాగా ఎండబెట్టి దాస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. కొర్రకూ సామకూ ఉన్నట్టు దీనికి మొండి పొట్టు లేదు, కల్లంలోనే ఊడిపోతుంది. కడిగి, ఆరబెట్టి, ఇసుర్రాయిలో వేస్తే పిండి. అంటే రాగికి పెద్ద మిషన్ అక్కర్లేదు. మన పెద్దవాళ్లు దీన్నే ఎందుకు పట్టుకున్నారంటే రుచి కోసమే కాదు. సంగటి, ఊరిబిండి అనే చెనక్కాయ పచ్చడి, పక్కన ఉలవచారు. పుష్య మాసం వస్తే అనపగింజల పితికిపప్పు. ఇందులో ఏదీ నూటయాభై కిలోమీటర్ల అవతలినుంచి రానక్కర్లేదు. ఉప్పు ఒక్కటీ రావాలి.

మనకు కొరత అలవాటు లేదనుకోకండి. 2021 నవంబర్ 18న పడిన వాన మర్చిపోయారా? ఘాట్ రోడ్లు మూశారు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించారు. రెండు రోజులకు నెల్లూరు దగ్గర పెన్న పొంగి హైవే, రైలు పట్టాలు రెండూ తెగాయి. ఆ వారం మా వీధి కొట్టులో ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు తప్ప ఏమీ లేవు. టమాటా వంద దాటింది. మదనపల్లె టమాటా మార్కెట్ మనకు ఓ 120 కిలోమీటర్ల దూరమే, అయినా వంద దాటింది. 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకరు డ్రైవర్లు కొత్త హిట్ అండ్ రన్ సెక్షన్ మీద సమ్మెకు దిగారు. రెండు రోజులు. హైదరాబాదులో బంకుల దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూలు టీవీలో చూశాం కదా. మూడో రోజు తేలిపోయింది, అందరం మర్చిపోయాం. మర్చిపోవడంలో మనల్ని మించినవాళ్లు లేరు.

శ్రీలంక వాళ్లకు అంత తొందరగా తేలలేదు. 2021 ఏప్రిల్లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతి రాత్రికి రాత్రి ఆపేసింది. సేంద్రియం అన్నారు. వినడానికి బాగుంది. రైతు దగ్గర పశువులున్నాయా, ఎరువు దిబ్బ ఉందా, మాగబెట్టడానికి ఒక్క పంటకాలం గడువైనా ఉందా అని అడిగినవాడు లేడు. వరి దిగుబడి పడిపోయింది. నవంబరులో వెనక్కి తగ్గారు. ఆ మరుసటి ఏడు డాలర్లు లేవు, డీజిల్ రాలేదు. వాహనానికి వారానికింత అని క్యూఆర్ కోడ్ పెట్టి పోశారు. 2022 జూన్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు శుక్రవారం సెలవిచ్చారు, ఎందుకంటే ఇంటి దగ్గర కూరగాయలు పండించుకొమ్మని! నేనూ ప్రభుత్వ ఉద్యోగిగా ముప్ఫై ఏళ్లు చేశాను. శుక్రవారం సెలవిస్తే మనవాళ్లు ఏం చేసేవాళ్లో నాకు తెలుసు. (నవ్వులు)

నేను ప్రకృతి వ్యవసాయానికి వ్యతిరేకిని కాదు. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆ పని చేస్తోంది. ఆవుపేడ, మూత్రంతో చేసే ఘన జీవామృతం, ద్రవ జీవామృతం, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం, ఇవన్నీ నేను చేలో నిలబడి చూశాను. వాటిలో నాకు నచ్చింది ఒకటే, అక్కడ రైతు అరెకరంతో మొదలుపెట్టి ఏడాది చూసుకుని పెంచుకుంటాడు. శ్రీలంకలో ఒక్క సంతకంతో దేశమంతా మార్చబోయారు.

ఇక్కడ ముందు వరసలో ఒక అమ్మ చెయ్యెత్తింది. చెప్పమ్మా.

(సభలో ఒకామె: "మేం మిద్దె మీద తోట పెట్టుకున్నాం సార్. అందరూ అలా పెట్టుకుంటే చాలదా?")

మంచి పని, పెట్టుకోండి. మా మిద్దె మీదా ఉంది. గోంగూర, వంగ, రెండు కరేపాకు చెట్లు. కానీ అమ్మా, మిద్దె మీద కూరాకు వస్తుంది, కడుపు నింపే గింజ రాదు. క్యూబా కథ మీరు వినే ఉంటారు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది, వాళ్లకు వచ్చే పెట్రోలు పడిపోయింది. ట్రాక్టర్లు పక్కనబెట్టి ఎద్దుల్ని మళ్లీ కాడికి కట్టారు. హవానా నగరంలో ఖాళీ జాగా ఉన్నచోటల్లా మళ్లు కట్టి కూరగాయలు వేశారు. గొప్ప పనే. ఆ దేశం గురించి మాట్లాడేవాళ్లు అక్కడితో ఆపేస్తారు. ఇన్నేళ్లయినా క్యూబా తన తిండిలో చాలా భాగం బయటే కొంటోందనేది చెప్పరు. ఆకుకూర ఒకటి, అన్నం ఒకటి. మిద్దె తోటకు మీరు పెట్టే శ్రద్ధలో సగం, ఒక రైతును ఎంచుకుని ఆయనకు ముందే మాట ఇవ్వడం మీద పెట్టండి. ఎక్కువ తిండి దక్కుతుంది.

ఇక మూడో గిన్నె. కొర్రలు. ఇది నేను బోల్తాపడిన కథ.

2019లో మేం ఎనిమిది ఇళ్లవాళ్లం కలిశాం. బాకరాపేట దగ్గర ఒక రైతు కొర్ర వేశాడు, మంచి పంట. దళారీ లేకుండా నేరుగా ఆరు బస్తాలు కొన్నాం. అందరం ఫొటోలు కూడా దిగాం. తెచ్చి మా ఇంటి వసారాలో వేశాక తెలిసింది, దీనికి పొట్టు తియ్యాలని. నాకు తెలియదా? తెలుసు. మర ఉంటుందిలే అనుకున్నాను. బియ్యం మిల్లుకు తీసుకెళితే, "సార్, ఈ గింజ నా జల్లెడలో నిలవదు, కింద పడిపోతుంది" అన్నాడు. పిండి మిషన్లో వేస్తే పొట్టుతో సహా పిండైపోతుంది. మా ఆవిడ రోట్లో వేసి ఒక సాయంత్రమంతా దంచింది. రోకలి పక్కనబెట్టి నావైపు చూసిన చూపు మీకు చెప్పలేను. అప్పటికి ఒలిచింది రెండు గ్లాసులు.

చివరికి అనంతపురం వైపు ఒక చిన్న మర ఉందని తెలిసి, లారీలో వేసి పంపాం. రానూపోనూ అయిదు వందల కిలోమీటర్లు దాటింది. మన పక్క ఊళ్లో పండిన గింజ, మన ఇంటికి రావడానికి అయిదు వందల కిలోమీటర్లు తిరిగింది. ఆరు బస్తాలు పోతే నాలుగుకు తక్కువే తిరిగొచ్చాయి. మరవాడు కాజేశాడని ఒకాయన గొడవ. కాదయ్యా, పొట్టూ తవుడూ పోతే కొర్రకు మిగిలేదే అంత అని నేను. ఆ ఎనిమిది ఇళ్లలో రెండిళ్లవాళ్లు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

ఆ రోజునుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. తిండి గురించి మాట్లాడేటప్పుడు మనం రైతు దగ్గర మొదలుపెట్టి కంచం దగ్గర ఆపుతాం. ఆ రెండింటి మధ్యనున్న గానుగ, మర, గాదె, విత్తనపు కుండ, వీటిని లెక్కలోకి తీసుకోం. మన దగ్గర చేలు ఇంకా ఉన్నాయి. పోయింది ఆ మధ్య భాగమే. అది పోయిన చోటే డీజిల్ వచ్చి కూచుంది. పాలు చూడండి. చుట్టుపక్కల పల్లెలో పొద్దున పిండిన పాలు క్యానుల్లో శీతల కేంద్రానికి పోయి, ప్యాకెట్టై, మళ్లీ అదే పల్లెలో కొట్టుకు వస్తాయి. పాలు పోసిన ఆమే వచ్చి ఆ ప్యాకెట్ కొనుక్కోవడం నేను కళ్లారా చూశాను. పుంగనూరు ఆవు గురించి దేశమంతా మాట్లాడుతోంది, ఇళ్లలో ముద్దుగా పెంచుకుంటున్నారు. సంతోషం. పాలు ఇచ్చే ఆవును పాలకోసం పెంచే ఇల్లు మాత్రం వీధికొకటి కూడా లేదు.

విత్తనం గురించి ఇంకో ముక్క. చెనక్కాయ ఆత్మపరాగ సంపర్క పంట. అంటే మంచి రకం ఒకసారి తెస్తే, మన చేలో పండిందే విత్తనంగా కొన్నేళ్లు వాడుకోవచ్చు. ప్రతి ఏడూ సబ్సిడీ లైనులో నిలబడక్కర్లేదు. కాకపోతే కాయగానే దాచాలి, విత్తేముందే వలవాలి. వలిచి పెడితే మొలక చచ్చిపోతుంది. కందికి ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేవాళ్లు మా అమ్మావాళ్లు, పప్పు చేసేముందు. మా ఇంట్లో నేను ఒకసారి మన్ను పట్టించకుండా స్టీల్ డబ్బాలో పోశాను. మూడో నెలకు డబ్బా మూత తీస్తే పురుగులు నన్ను చూసి దిగాలుపడ్డాయి. (నవ్వులు)

మన ఊరికి ఒక అనుకూలం ఉంది, అది చాలా ఊళ్లకు లేదు. రోజూ అరవై డెబ్బై వేలమంది యాత్రికులు వచ్చి తినిపోయే ఊరిది. కొండ మీద అన్నప్రసాదం 1985 ఏప్రిల్ 6న మొదలైంది. ఇప్పుడు అది భక్త కవయిత్రి వెంగమాంబ పేరున్న భవనంలో నడుస్తోంది. ఆమె ఊరు తరిగొండ మన వైపుదే. 2021లో టీటీడీ ప్రకృతి వ్యవసాయ రైతుల సరుకుతో శ్రీవారి నైవేద్యం మొదలుపెట్టింది. భక్తి సంగతి పక్కనబెట్టి రైతు వైపునుంచి చూడండి. "ఫలానా సరుకు కొంటాం" అని ముందే మాట ఇచ్చినవాడు ఉంటే రైతు ధైర్యంగా వేస్తాడు. దేవస్థానం అంత మనం కాలేం. నూట ఇరవై ఇళ్లు కాగలం. 1999లో రైతుబజార్లు వచ్చినప్పుడు రైతు నేరుగా మన చేతికి ఇచ్చే దారి ఏర్పడింది. అక్కడ కూరగాయ దొరుకుతుంది. నూనె, పొట్టు తీసిన గింజ, పప్పు దొరకాలంటే పక్కన ఒక మర ఉండాలి.

అందుకని నేనడిగేది చిన్నదే. మీ కాలనీ సంఘం షెడ్డులో పాత కుర్చీలు, విరిగిన వినాయకుడి పందిరి సామాను ఉన్నాయని విన్నాను. ఆ షెడ్డు ఖాళీ చేసి ఇస్తే, చిన్న పొట్టు మర ఒకటి, కొయ్య గానుగ ఒకటి పెట్టవచ్చు. కరెంటుతో నడిచేవే. ఎద్దును తెచ్చి కట్టమని అననులెండి, పార్కింగు గొడవ వస్తుంది. (నవ్వులు) మొదటి ఏడు అన్ని ఇళ్లూ రానక్కర్లేదు. ముప్ఫై ఇళ్లు, ఇంటికి నూట అరవై కిలోల కాయకు జూన్‌లోనే అడ్వాన్సు. వాన తప్పితే ఆ అడ్వాన్సు తిరిగి అడగం, మరుసటి ఏడుకు జమ. ఈ షరతుకు ఒప్పుకున్నవాళ్లే పేరివ్వండి. ఒప్పుకోనివాళ్లతో ఏ గొడవా లేదు, కానీ ఆరు నెలల తర్వాత రైతుతో పేచీ పెట్టుకోవడం నావల్ల కాదు. కొర్రల అనుభవం చాలు.

మర తాళం ఎవరి దగ్గర ఉండాలి, చెక్క ఎవరికివ్వాలి, ఇవి ఇవాళే తేల్చుకోండి. ఇలాంటివి ఆగిపోయేది ఎప్పుడూ డబ్బు దగ్గర కాదు, తాళం దగ్గర. చెక్కకు నా సలహా ఒకటుంది. పాలు నేరుగా పోసే ఇల్లు ఎవరైనా ముందుకొస్తే వాళ్ల ఆవుకు ఇద్దాం, పాలలో తగ్గించుకుందాం.

వచ్చే ఆదివారం నేను, ఇంకొకాయన బాకరాపేట వెళ్తున్నాం, కాయ వేసే రైతులతో మాట్లాడడానికి. ఆటోలో ఇంకా ముగ్గురికి చోటుంది. ఔనౌను, డీజిల్ ఆటోనే. ఎవరూ నవ్వక్కర్లేదు.

పొద్దున ఆరు గంటలకు అలిపిరి సర్కిల్ దగ్గర. వెనకాల సంగటి దించినట్టున్నారు, వాసన వస్తోంది. ఊరిబిండి ఘాటుగా ఉందట, పిల్లలకు నెయ్యి కలిపి పెట్టండి.